ముల్లు దిగిందని కణాలకి ఎవరు చెప్పారు?

ప్రశ్నలపుట్ట · ఆదివారం రాత్రి 9:10

శుక్రవారం గులాబీ కొమ్మలు కత్తిరిస్తుంటే చూపుడు వేల్లో ముల్లు దిగింది. పైకి కనిపించింది లాగేశాను, కొస లోపలే విరిగి ఉండిపోయినట్టుంది. శనివారం పొద్దున లేచేసరికి వేలు ఎర్రగా కందిపోయింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది, వేలి కొసలో గుండె కొట్టుకుంటున్నట్టు ఒకటే సలుపు. ఇవాళ చంకలో బఠాణీ గింజంత బిళ్ళ కూడా కట్టింది.

డాక్టరుకి చూపిస్తాను, నేను అడిగేది దాని గురించి కాదు. ఆ ముల్లు మీది బాక్టీరియాని నా ఒళ్ళు అంతకుముందు చూసి ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా ఒక్క రాత్రిలో అది పరాయిదని ఎలా పసిగట్టింది? "తెల్ల రక్తకణాలు రోగక్రిములను గుర్తించి చంపుతాయి" అని పాఠ్యపుస్తకం ఒక్క ముక్కలో తేల్చేసింది. గుర్తించడం అంటే ఏంటసలు? వాటికి కళ్ళున్నాయా, ముక్కుందా?

కోడ్‌రాసేవాడు · 9:24

సింపుల్ అండీ. కంప్యూటర్లో యాంటీవైరస్ లాంటిదే. తెలిసిన వైరస్‌ల లిస్టు ఒకటి ఉంటుంది, లోపలికొచ్చిన ప్రతి ఫైల్నీ దాంతో పోల్చి చూస్తుంది. లిస్టులో ఉంటే చంపేస్తుంది.

ప్రశ్నలపుట్ట · 9:27

ఆ లిస్టు ఎవరు రాశారన్నదే కదండీ నా ప్రశ్న.

బయాలజీటీచర్ · 9:51

కోడ్‌రాసేవాడు గారి పోలిక సగం దూరం వరకే వస్తుంది. ఒంట్లో గుర్తుపట్టే పద్ధతులు రెండున్నాయి, ఒకదాని తీరు ఇంకోదానికి లేదు.

మొదటిది పుట్టుకతో వచ్చేది. చర్మం కింద మాక్రోఫేజ్ అనే పెద్ద కణాలు ఎప్పుడూ కాపలా ఉంటాయి. వాటి ఒంటి మీద టోల్ రిసెప్టర్లనే ప్రొటీన్లు ఉంటాయి, మనుషుల్లో 10 రకాలు. ఇవి ఫలానా బాక్టీరియా అని పేరు పెట్టి గుర్తుపట్టవు. బాక్టీరియా అన్నాక తప్పనిసరిగా ఉండే సరుకు కొంత ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటాయి. కొన్ని బాక్టీరియాల పైగోడలో ఉండే చక్కెర, కొవ్వు కలిసిన పదార్థం ఒక రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. ఈదడానికి వాడే తోకలోని ప్రొటీన్ ఇంకోదానికి అతుక్కుంటుంది. చాలా వైరస్‌లు పిల్లలు పెట్టుకునేటప్పుడు తయారయ్యే జంటపోగు ఆర్‌ఎన్‌ఏకి మరొకటి ఉంది. బాక్టీరియా వేషం ఎంత మార్చినా, చాలావాటికి గోడ లేకుండా బతుకు లేదు. అందుకే గోడనే గుర్తుగా పెట్టుకుంది మన ఒళ్ళు.

మీరడిగిన లిస్టు రాసింది పరిణామక్రమం. అందులో చాలా భాగం ఈగల్లో కూడా ఉంది. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం టోల్ అనే జన్యువు చెడిపోయిన పండ్ల ఈగల మీద ప్రయోగం చేస్తే అవి బూజు సోకి చచ్చిపోయాయి. మామూలు ఈగలు తట్టుకున్నాయి. మరో రెండేళ్ళకి బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో అలాంటి జన్యువునే పట్టుకున్నాడు. ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది.

నిద్రలేనిపీజీ · 10:15

ఒక ముక్క కలుపుతాను. బాక్టీరియా లేకపోయినా ముల్లు దిగితే వేలు కొంత వాచేది. నలిగిన కణాలు పగిలి లోపలి సరుకు బయట పడుతుంది. కణం లోపలే ఉండాల్సిన డీఎన్ఏ, కణానికి శక్తినిచ్చే ఏటీపీ లాంటివి బయట కనిపించడమే మాక్రోఫేజ్‌కి ప్రమాద సూచన. పరాయిది వచ్చిందా అనే కాదు, ఏమైనా పాడైందా అని కూడా చూస్తుందన్నమాట.

ఆ సూచన అందగానే చుట్టుపక్కల రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎరుపూ వేడీ అందుకే. నాళాల గోడలు కాస్త వదులై రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది, అది వాపు. ఆ సందుల్లోంచే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఒళ్ళు కుదించుకుని బయటికి దూరతాయి. మీకు సలుపు పెడుతున్నది బాక్టీరియా కాదండీ, చాలా వరకు మీ సొంత సైన్యమే.

టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

స్లైడ్‌మీదచుక్క · 10:40

ల్యాబులో పనిచేస్తాను, ఈ న్యూట్రోఫిల్స్‌తోనే నా రోజు గడిచిపోతుంది. డిఫరెన్షియల్ కౌంట్ అంటే రక్తం చుక్కని గాజు పలక మీద పల్చగా లాగి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద 100 తెల్లకణాలు లెక్కపెట్టి ఏ రకం ఎన్నో రాయడం. పెద్దవాళ్ళలో అందులో 50 నుంచి 70 దాకా ఇవే ఉంటాయి. కణం నడిమి భాగం మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి, మధ్యలో సన్నటి దారంతో కట్టినట్టు ఊదారంగులో కనిపిస్తుంది. ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

గట్టి ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళ స్లైడు పెడితే వేరే దృశ్యం. తమ్మెలు విడివడని, ఇంకా వంకీలాగే ఉన్న పిల్ల న్యూట్రోఫిల్స్ కనిపిస్తాయి. ఎముక మజ్జలో ఎదిగిన కణాల నిల్వ ఖాళీ అయిపోయి, ట్రైనింగ్ పూర్తికాని వాళ్ళని కూడా పంపించేస్తోందని అర్థం. మామూలు రోజుల్లోనే మజ్జ రోజుకి దాదాపు 10,000 కోట్లు తయారుచేస్తుంది. బయటికొచ్చాక వాటి ఆయుష్షు గంటల్లోనే.

చీము అంటే చాలావరకు చచ్చిపోయిన ఈ కణాలే. దానికా పచ్చ ఛాయ ఇచ్చేది కూడా న్యూట్రోఫిల్‌లో ఉండే ఎంజైమే. చీము చూస్తే చాలామందికి అసహ్యం, నాకు మాత్రం కాస్త జాలి వేస్తుంది.

పాతకాగితాలు · 11:05

ముల్లు అనగానే ఆగలేకపోయాను. ఈ కణాల కథ మొదలైందే గులాబీ ముల్లుతో! 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ జంతుశాస్త్రవేత్త నక్షత్రచేపల పిల్లల్ని మైక్రోస్కోప్‌లో చూస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల కదిలే కణాలు పైకే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌కి పోతే ఈయన ఒంటరిగా కూర్చుని, పరాయి వస్తువు ఒంట్లో దిగితే ఈ కణాలు ఏంచేస్తాయో అని ఆలోచించాడు. తోటలోంచి గులాబీ ముళ్ళు తెచ్చి పిల్లకి గుచ్చాడు. పొద్దున చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

నక్షత్రచేపకి రక్తనాళాలు లేవు. అంటే వాపు రక్తనాళాల జబ్బు కాదు, కణాలే పనిగట్టుకుని వస్తున్నాయని తేలింది. 1908 నోబెల్‌ని ఆయన, పాల్ ఎర్లిక్ పంచుకున్నారు. కణాలే ముఖ్యమని ఒకరు, రక్తంలో కరిగి ఉండి క్రిమికి అతుక్కునే ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలే ముఖ్యమని ఇంకొకరు. తమాషా ఏంటంటే ఇద్దరిదీ నిజమే.

మీరు చేసింది 1882 నాటి ప్రయోగమే అండీ. నక్షత్రచేప బదులు మీ వేలు, అంతే తేడా.

ప్రశ్నలపుట్ట · 11:12

హహ, నాకు నోబెల్ ఇస్తారా మరి. సరే, వేలు సంగతి అర్థమైంది. ముల్లు దిగింది వేల్లో అయితే చంకలో బిళ్ళ ఎందుకు?

నిద్రలేనిపీజీ · సోమవారం ఉదయం 6:20

డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఇక్కడే రెండో పద్ధతి మొదలవుతుంది. చర్మంలో డెండ్రైటిక్ కణాలని ఉంటాయి, కొమ్మలు చాచుకున్నట్టుంటాయి. 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ వీటిని గుర్తించాడు. ఇవి దొరికిన బాక్టీరియాని మింగి, ముక్కలు చేసి, లింఫ్ నాళాల్లో ప్రయాణం కట్టి దగ్గర్లోని లింఫ్ గ్రంథికి చేరతాయి. చేతి వేలికైతే చంక, కాలికైతే గజ్జ. అక్కడ ఆ ముక్కల్ని తమ ఒంటి మీద, ఎమ్‌హెచ్‌సీ అనే ప్రొటీన్ పళ్ళెంలో పెట్టి చూపిస్తాయి. గ్రంథిలోకి వచ్చిపోయే టీ కణాలు (ఇవీ ఒక రకం తెల్ల రక్తకణాలే) ఒక్కొక్కటే వచ్చి తడిమి చూసుకుంటాయి. ఒక్కో టీ కణానికి ఒక్క ఆకారం పట్టే రిసెప్టరే ఉంటుంది. ఫలానా ముక్కకి సరిగ్గా అతికేది లక్షల్లో ఒకటి. అది తగిలాక అక్కడే ఆగి రోజుకి రెండు మూడు సార్లు చీలుతూ సంఖ్య పెంచుకుంటుంది. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలదీ అదే వరస. ఆ జనమంతా పోగవడమే మీ బిళ్ళ. రెండు రోజులకే కట్టిందంటే ప్రస్తుతానికి వచ్చిపోయే కణాల్ని గ్రంథి బయటికి పోనీయకుండా ఆపుతోందన్నమాట, అసలు పెంపకం ఇంకా మొదట్లోనే ఉంది.

కొత్త క్రిమి అయితే యాంటీబాడీలు లెక్కకి అందేసరికి వారం పైనే పడుతుంది. ఈలోపు ముల్లు దగ్గర ఆపి ఉంచేది న్యూట్రోఫిల్సూ మాక్రోఫేజ్‌లే.

ఒంట్లో తాళాలు రెండుండాలని ఇంకో నియమం ఉంది. ముక్క అతికితే సరిపోదు, చూపించే డెండ్రైటిక్ కణం "నాకు ప్రమాదం కనిపించింది" అని రెండో సిగ్నల్ కూడా ఇవ్వాలి. అది లేకుండా ముక్క ఒక్కటే చూపిస్తే టీ కణం మొద్దుబారిపోతుంది. టీకాల్లో అల్యూమినియం లవణాలు కలిపేది ఈ రెండో సిగ్నల్ కోసమే.

కోడ్‌రాసేవాడు · 8:02

లక్షల్లో ఒకటి అంటున్నారు సరే. ఆ ఒకటి ముందే ఎలా ఉందండీ? క్రిమి వచ్చాక దాని కొలతలు తీసుకుని తయారుచేసిందా?

పాతకాగితాలు · 8:30

మీరడిగిన మాటే సైన్సు చాలాకాలం నమ్మింది! కార్ల్ లాండ్‌స్టైనర్ ప్రకృతిలో ఎక్కడా లేని, ప్రయోగశాలలో పుట్టించిన రసాయనాల్ని ప్రొటీన్లకి తగిలించి జంతువులకి ఎక్కిస్తే, వాటికీ ఖచ్చితమైన యాంటీబాడీలు పుట్టాయి. పుట్టకముందే వాటికి సరిపడేవి ఒంట్లో ఉండటం అసాధ్యం అనిపించింది జనానికి. అందుకే 1940లో లైనస్ పౌలింగ్ అంతటివాడు యాంటీబాడీ క్రిమి చుట్టూ చుట్టుకుని దాని ఆకారం తెచ్చుకుంటుందన్నాడు, అచ్చు పోసినట్టు. అది తప్పు. 1957లో మక్‌ఫార్లేన్ బర్నెట్ తిరగేసి చెప్పాడు. కణాలు ముందే రకరకాలుగా తయారై ఉంటాయి, క్రిమి వచ్చి తనకి సరిపడేదాన్ని ఎంచుకుంటుంది, అది పిల్లల్ని పెడుతుంది. కొలతలిచ్చి కుట్టించుకోవడం కాదు, రెడీమేడ్ షాపులో వెతుక్కోవడం.

బయాలజీటీచర్ · 9:15

ఆ షాపులో సరుకెలా వచ్చిందో 1976లో సుసుము టోనెగావా చూపించాడు. మనిషికి మొత్తం జన్యువులు దాదాపు 20,000. కోట్ల రకాల యాంటీబాడీలకి కోట్ల జన్యువులు ఉండే వీలే లేదు. అందుకని బీ కణం తన డీఎన్ఏనే కోసి అతికించుకుంటుంది. యాంటీబాడీలో బరువు గొలుసు, తేలిక గొలుసు అని రెండు రకాల ప్రొటీన్ గొలుసులుంటాయి. బరువు గొలుసు జన్యువుకి వి ముక్కలు 40 దాకా, డి ముక్కలు 20కి పైగా, జె ముక్కలు 6 ఉంటాయి. ఒక్కో పెట్టెలోంచి ఒక్కోటి తీసి జతచేస్తుంది. ఈ ఒక్క గొలుసుకే అయిదు వేల పైచిలుకు రకాలు, తేలిక గొలుసుతో కలిపితే లక్షల్లోకి పోతుంది. దానిపైన, అతికించే చోట ఒక ఎంజైమ్ ఇష్టమొచ్చిన డీఎన్ఏ అక్షరాలు ఇరికిస్తుంది. ఇక అక్కణ్ణించి లెక్క అందదు.

పేకముక్కలు కలిపి పంచినట్టే అని క్లాసులో చెప్తాను. ఒక పిల్లాడు లేచి "చెత్త ముక్కలు పడితే?" అన్నాడు. చాలామందికి చెత్తే పడుతుందిరా, అన్నాను.

ప్రశ్నలపుట్ట · 9:40

ఆగండి. గుడ్డిగా పంచితే కొన్ని నా గుండెకో మెదడుకో అతికేవి కూడా పడతాయి కదా?

బయాలజీటీచర్ · 10:05

పడతాయి, చాలానే. టీ కణాలకి దీని పరీక్ష ఛాతీ ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో జరుగుతుంది. మన పళ్ళెం ప్రొటీన్‌ని అసలు పట్టలేనిది పనికిరాదు, చస్తుంది. మన సొంత ముక్కని మరీ గట్టిగా పట్టేదీ అంతే. నూటికి 95కి పైగా అక్కడే పోతాయి.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసేది ఒకటుంది. థైమస్ కణాలు ఒంట్లో వేరేచోట్ల మాత్రమే తయారయ్యే ప్రొటీన్లని కూడా కొద్దికొద్దిగా తయారుచేసి పరీక్షకి పెడతాయి. ప్యాంక్రియాస్‌లో పుట్టాల్సిన ఇన్సులిన్ థైమస్‌లో కనిపిస్తుంది, కేవలం టీ కణాలకి చూపించడానికి. ఆ పని చేయించే జన్యువు చెడిపోయినవాళ్ళకి సొంత గ్రంథుల మీదే దాడి మొదలవుతుంది.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. వాటిని బయట అదుపులో పెట్టే కాపలా టీ కణాలున్నాయి. షిమోన్ సకాగుచి 1995లో గుర్తించాడు. ఆయనకీ, మేరీ బ్రంకోకీ, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కీ కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు.

అమ్మనే_నేను · 11:30

నేను మామూలు గృహిణిని, ఇవన్నీ పూర్తిగా అర్థం కాలేదు కానీ చదువుతుంటే బావుంది. మా బాబుకి నాలుగేళ్ళు, స్కూల్లో వేసినప్పటినుంచి నెలకో జలుబు. ఇమ్యూనిటీ తక్కువేమో అని ఒకటే టెన్షన్. పెంచే మందులేమైనా వాడమంటారా?

నిద్రలేనిపీజీ · మధ్యాహ్నం 2:10

అక్కా, టెన్షన్ పడకండి. జలుబు తెచ్చే వైరస్‌లు వందకి పైనే రకాలున్నాయి. బాబు ఒక్కోదాన్నీ మొదటిసారి కలుస్తున్నాడు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. బరువు పెరుగుతున్నాడా, మధ్యమధ్యలో హుషారుగా ఉంటున్నాడా చూడండి. ఆసుపత్రిలో చేరాల్సినంత ఇన్ఫెక్షన్లు మళ్ళీ మళ్ళీ వస్తే మాత్రం పిల్లల డాక్టర్ని తప్పక కలవండి.

"పెంచే" మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. మీ మీద కాదక్కా, అమ్మేవాళ్ళ మీద. ఎలర్జీ అంటే ఏంటి? హాని చెయ్యని పుప్పొడి మీద ఇమ్యూనిటీ విరుచుకుపడటం. కీళ్ళవాతంలో రుమటాయిడ్ రకం సొంత కీళ్ళ మీద విరుచుకుపడటం. పైన టీచర్ గారు చెప్పిందంతా ఈ మృగాన్ని గొలుసులతో కట్టెయ్యడం గురించే. అలాంటిదాన్ని ఏ పొడితోనో గుడ్డిగా పెంచుతామంటే ఎలా?

సహజమార్గం · 3:45

అందుకే నేనంటాను, మందులూ టీకాలూ లేకుండా జబ్బు వచ్చి తగ్గితే వచ్చే శక్తే అసలైనది. తట్టు ఒకసారి వస్తే జన్మలో మళ్ళీ రాదు. ఇది పెద్దలకి ఎప్పుడో తెలుసు.

పాతకాగితాలు · 4:20

తట్టు మళ్ళీ రాదన్నది నిజమే, దానికి రుజువు కూడా గట్టిది. 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగి, దాదాపు 7,800 మంది జనంలో 6,000 మందికి పైగా పడకేశారు. వెళ్ళి చూసిన డెన్మార్క్ డాక్టరు పీటర్ పానమ్ ఒకటి గమనించాడు. 1781లో తట్టు వచ్చి బతికిన ముసలివాళ్ళెవరికీ ఈసారి సోకలేదు. మధ్యలో 65 ఏళ్ళు ఆ దీవుల్లో తట్టే లేదు. అంతకాలం వాళ్ళ కణాలు మర్చిపోలేదు.

నిద్రలేనిపీజీ · 4:58

సహజమార్గం గారూ, మీరు ఎంచుకున్న జబ్బే మీ వాదనకి ఎదురు తిరుగుతుంది. తట్టు వైరస్ తన సంగతి గుర్తుంచుకోనిస్తుంది కానీ మిగతావాటి జ్ఞాపకం చెరిపేస్తుంది, ఎందుకంటే అది దూరేది జ్ఞాపక కణాల్లోకే. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, టీకా లేని పిల్లల్లో తట్టు తర్వాత పాత యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా పోయినట్టు తేలింది. టీకా వేస్తే ఈ నష్టం లేదు.

ధనుర్వాతం ఇంకో రకం. దాని విషం ఎంత ఘాటుదంటే, మనిషిని చంపే మోతాదు కూడా రోగనిరోధక కణాల్ని లేపడానికి చాలదు. జబ్బు వచ్చి బతికి బయటపడ్డా మళ్ళీ రావచ్చు, వాళ్ళకీ టీకా వెయ్యాల్సిందే. ఇక్కడ సహజంగా వచ్చే శక్తే లేదు.

సహజమార్గం · 5:30

ధనుర్వాతం సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటా. మిగతా వాటి మీద నా అభిప్రాయం నాదే.

మోడరేటర్ · 5:41

టీకాల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ గుర్తుపట్టడం మీదే ఉండండి.

కోడ్‌రాసేవాడు · 6:15

నా యాంటీవైరస్ పోలిక వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి చెప్పండి, ఇంత పకడ్బందీగా ఉంటే ఫ్లూ మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తుంది?

బయాలజీటీచర్ · 7:00

అవతలివాడికీ బుర్ర ఉంది కాబట్టి! ఫ్లూ వైరస్ కాపీ తీసుకునేటప్పుడు అచ్చుతప్పులు ఎక్కువ. పైన ఉండే ప్రొటీన్ కొంచెం కొంచెం మారుతూ నిరుటి యాంటీబాడీకి పట్టు దొరకనివ్వదు. నిద్రజబ్బు తెచ్చే ట్రిపనోసోమా అనే ఒంటికణం పరాన్నజీవి ఇంకా ఘనుడు. ఒళ్ళంతా కప్పే చొక్కా ఒకటుంటుంది, యాంటీబాడీ తయారయ్యేసరికి కొందరు వేరే చొక్కా తొడిగేస్తారు. వందల జన్యువులున్నాయి దానికి చొక్కాల కోసమే. టీబీ క్రిమి చొక్కాలు మార్చదు, తనని మింగిన మాక్రోఫేజ్ కడుపులోనే కాపురం పెట్టేస్తుంది. పోలీస్ స్టేషన్లో దాక్కున్న దొంగ.

స్లైడ్‌మీదచుక్క · 9:20

రిపోర్టుల్లో ఐజీఎం, ఐజీజీ (రెండూ యాంటీబాడీల రకాలే) అని చూసి కంగారు పడేవాళ్ళ కోసం ఒక మాట. బీ కణం మొదట వదిలేది ఐజీఎం. అయిదు యాంటీబాడీలు చేతులు కలిపినట్టుంటుంది, పట్టు అంత గట్టిగా ఉండదు కానీ చేతులు ఎక్కువ. తర్వాత లింఫ్ గ్రంథిలో బీ కణాలు తమ జన్యువుని కావాలనే చెడగొట్టుకుంటూ, పట్టు మెరుగుపడినవాటినే బతకనిస్తూ ఐజీజీకి మారతాయి. ఐజీఎం మాత్రమే ఉంటే కొత్తగా సోకిందని, ఐజీజీ మాత్రమే ఉంటే పాతదని సాధారణంగా అనుకుంటాం. ఒక్క కాగితం చూసి తేల్చకండి, డాక్టరుకి చూపించండి.

ప్రశ్నలపుట్ట · గురువారం ఉదయం 7:35

అప్‌డేట్. మంగళవారం డాక్టరుకి చూపించాను, టీటీ వేసి, వేడినీళ్ళలో నానబెట్టమన్నారు. నిన్న రాత్రి వేలి మీద తెల్లటి మొన తేలింది. ఇవాళ పొద్దున నీళ్ళలో పెట్టగానే పగిలి చీము, వెనకే నల్లటి ముల్లు కొస బయటికొచ్చాయి. రెండు మిల్లీమీటర్లు కూడా లేదు! దానికోసం ఇంత యుద్ధం. సలుపు అప్పుడే తగ్గింది.

చీముని దూదితో తుడుస్తుంటే స్లైడ్‌మీదచుక్క గారి జాలి గుర్తొచ్చి కాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇంట్లోవాళ్ళు నన్ను విచిత్రంగా చూశారు.

చంకలో బిళ్ళ మాత్రం ఇంకా ఉంది. ఉండొచ్చా?

నిద్రలేనిపీజీ · 8:10

ఉంటుంది. పోగైన కణాల్లో చాలావరకు మెల్లిగా చచ్చిపోవాలి, కొన్ని జ్ఞాపక కణాలుగా మిగలాలి. రెండు మూడు వారాలు పట్టొచ్చు. పెరుగుతున్నా, రాయిలా గట్టిపడినా, నాలుగు వారాలు దాటినా మళ్ళీ చూపించుకోండి.

కోడ్‌రాసేవాడు · 8:26

గులాబీ మొక్కకి కూడా తెగులు వస్తుంది కదా, దానికి టీ కణాలూ లేవు, బీ కణాలూ లేవు. అదెలా గుర్తుపడుతుంది?

బయాలజీటీచర్ · 8:31

కొత్త థ్రెడ్ తెరవండి బాబూ, సాయంత్రం క్లాసులయ్యాక వస్తా.